మర్జానుకు సద్ది

ముహర్రక్, బహ్రెయిన్
ఏప్రిల్, శుక్రవారం

అక్క నాగవ్వకు తమ్ముడు లింగన్న కాళ్ళు మొక్కి రాస్తున్న ముచ్చట,

నేను బాగున్న. నువ్వు బాగున్నవని కళ ఫోన్ల చెప్పింది గని నీ బిడ్డ మాట నేను నమ్మ. నీ చేతి రాత చూస్తెనే నాకు నిమ్మలం. జ్వరమొచ్చి నీ చెవులు పోయిన కాడి నుంచి ఫోన్ల నేను మొత్తుకునుడు, నువ్వు "ఆఁ? ఏందిరా?" అనుడు, క్యాంపుల అందరు నవ్వుడు. దానికన్న ఇదే నయం. కాయితం మీద రాసి ఫోటో తీసి కళకు పంపుత, నువ్వు చదువుకో. నువ్వు కూడ గట్లనే రాసి పంపు. రాత్రి బడిల నేర్చుకున్న అక్షరాలు ఉత్తగ పోవద్దు.

మామీర్ ఊర్ల సిమెంటు పని ఇడిసిపెట్టిన. భయపడకు. మోకాలు నొస్తున్నది, సిమెంటు బస్తాలు మోసుడు ఇంక నాతోటి అయితలేదు. వీసా కాయితాలన్ని సరిగనే మారినయి. ఇప్పుడు ముహర్రక్‌ల ఒక టీచరమ్మ ఇంట్ల పని. ఇక్కడామెనే. ఆడపిల్లల బడిల సైన్సు చెప్పి రిటైరైంది, పెండ్లి చేసుకోలే, ఒక్కతే ఉంటది. నన్ను "లింగా" అని పిలుస్తది. మంచి మనిషి అక్కా. నేను అన్నం తినంది తను తినదు.

పాత ఇల్లు, సన్న గల్లీ. ఏర్‌పోర్టు పక్కనే గద, నెత్తి మీదికెల్లి ఇమానాలు ఎంత కిందికి పోతయంటే చక్రాలు కూడ కనబడతయి. నీకైతే మంచిగుండు, చప్పుడే ఇనబడదు. తిట్టకు, ఉత్తగ అన్న.

పని ఏముంటది? ఇల్లు ఊడ్చుడు, చెట్లకు నీళ్ళు పట్టుడు, బజారుకు పోవుడు. ఇంట్ల ఒక పెంపుడు ప్రాణం ఉన్నది, దాన్ని చూసుకునుడు. గంతే. జులైల ఈ ఇల్లు ఖాళీ చేసి జిదాఫ్స్‌కు పోతున్నం, అక్కడ ఆమె చెల్లె ఉంటది. సామాన్ సర్దుడు, మార్చుడు అంత నా మీదనే.

బీడీలు జర తక్కువ చెయ్యి. మెడ నొప్పి తగ్గిందా లేదా రాయి.

నీ తమ్ముడు
లింగన్న


కమ్మర్‌పల్లి
మే నెల

తమ్మీ లింగా,

టీచరమ్మ గట్ల పిలువచ్చు, నేను పిలువొద్దా?

మళ్ళ పేరు పెట్టి రాసినవ్. ఆ పేరు రాయకు, అక్క అంటే చాలని నీకు ఎన్నిసార్లు చెప్పాలె? పోనీ తియ్యి.

మోకాలు సంగతి ఇన్ని దినాలు ఎందుకు దాచినవ్‌రా? నువ్వుల నూనె వెచ్చగ చేసి పొద్దు మాపు రుద్దుకో. సిమెంటు ఇడిసి మంచి పని చేసినవ్. ఆ టీచరమ్మ సల్లగుండాలె, నిన్ను తినమని చెప్పేటోళ్ళు అక్కడ ఒకరన్న దొరికిండ్రు.

గని నిన్ను సంకనేసుకొని తిరిగిన దాన్ని నేను, నీ సంగతి నాకెరుక లేదా? ఇమానం చక్రాల గురించి రాసినవ్, చెట్ల గురించి రాసినవ్. ఆ పెంపుడు ప్రాణం గురించి మాత్రం అర లైను రాసి "గంతే" అన్నవ్. నువ్వు "గంతే" అన్నవంటే దాని ఎనుక ఏదో ఉన్నట్టే. చిన్నప్పుడు బెల్లం డబ్బ నాకి నాకి ఖాళీ చేసి "గింతే ఉండె అక్కా" అన్నోనివి నువ్వు. కుక్కనా? పిల్లినా? కోతి గాదు గద? కోతైతే నీకు మంచి జోడు.

కళ కుట్టు మిషన్ తెచ్చుకున్నది. దినమంత గడగడ ఆడిస్తది అంటరు వాడకట్టోళ్ళు. నాకేం బాధ లేదు.

మీ అక్క


ముహర్రక్
మే నెల, శుక్రవారం

అక్కా,

కూసొని చదువు. నీళ్ళ చెంబు పక్కన పెట్టుకో.

అది పాము.

ఫోన్ పారెయ్యకు, చివరి దాక చదువు. నాగుపాము కాదు, కట్లపాము కాదు. దానికి విషమే ఉండదు. ముదురు చాయ మీద తేనె రంగు మచ్చలు ఉంటయి. రెండున్నర మూరల పొడుగు, నా ముంజేతంత లావు. భయమైతే తలకాయ లోపటికి పెట్టుకొని బంతి తీరు చుట్టుకుంటది. బడిల పిల్లలకు చూపెట్టనీకి టీచరమ్మ తెచ్చిందట. బడి ఇడిసింది గని దాన్ని ఇడువలే. పేరు మర్జాన్. ఇక్కడోళ్ళ మాటల మర్జాన్ అంటే పగడం.

మొదటి దినం ఆ గాజు పెట్టె చూసి నేను గడప మీదనే ఆగిపోయిన. బ్యాగు కూడ దించలే. "ఖలాస్ మేడం, ఈ పని నాతోటి కాదు" అన్న. బావ యాదికొచ్చిండు. పసుపు చేను యాదికొచ్చింది. టీచరమ్మ నవ్వలే అక్కా. ఎందుకని అడిగింది. నాకొచ్చిన హిందీల, అరబీల ఎట్లనో చెప్పిన. అంత ఇన్నది. తర్వాత చాయ తెచ్చిచ్చి "నువ్వు దాన్ని ముట్టకు. నీళ్ళు మార్చు, చాలు" అన్నది.

గట్లనే నెల గడిచింది. ఒకనాడు ఆమె చేతులకెల్లి అది జారబోయింది, నేను పట్టేసిన. సల్లగ ఉంటదనుకున్న. కాదక్కా. ఇస్త్రి చేసిన అంగి జర సల్లారినంక ఎట్లుంటది, గట్లున్నది. నన్ను చూసి అదే భయపడ్డది. గప్పటి సంది నాకు దాని మీద కోపం రాలే. ఎందుకో నాకే తెల్వది. నీకు చెప్తె బాధపడుతవని దాచిన. తప్పయింది.

లింగన్న


కమ్మర్‌పల్లి

లింగన్నకు,

చదివిన.

పాము కరిచిన బావను చేన్ల నుంచి నీ భుజం మీదనే గద మోసుకొచ్చినవ్. ఆ చేతులతోటే ఇప్పుడు దాన్ని పట్టుకుంటున్నవా?

ఆయన పోయిన కాడి నుంచి నేను పుట్ట కాడికి పోలే. నాగుల పంచమికి ఊరంత పోతది. ఆడపిల్లలు పుట్టల పాలు పోసొచ్చి, ఆ మిగిలిన పాలతోటి అన్నదమ్ముల కండ్లు కడుగుతరు. నేను తలుపు పెట్టుకొని కూసుంట. మన అవ్వ ఏ పుట్టకు మొక్కి నాకు ఆ పేరు పెట్టిందో, ఆ పేరు ఇంటె నా ఒళ్ళు మండుతది. ఇవన్ని నీకు ఎరుక ఉండి కూడ ఆ పని ఒప్పుకున్నవ్.

దాన్ని ఇడిసిపెట్టి వేరే పని చూసుకో. నాకింక రాసేది లేదు.

మీ అక్క


ముహర్రక్
జూన్ ఆఖరి శుక్రవారం

అక్కా,

నెలాయె నీ అక్షరం చూడక. కళను అడిగితె "అమ్మ బువ్వ సరిగ తింటలేదు మామా" అన్నది. నా మీద కోపముంటే నన్ను తిట్టు, బువ్వేం చేసింది?

నువ్వు ఇడిసిపెట్టుమన్నవ్. ఇడిసిపెడుత. గని జులై ఎల్లనియ్యి. టీచరమ్మ బాత్రూంల జారి పడి కుడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది. కట్టు కట్టి చెల్లె దగ్గర పెట్టిండ్రు, జిదాఫ్స్‌లనే. ఇప్పుడు ఈ ఇంట్ల నేను, అది, ఇద్దరమే. ఇల్లు ఖాళీ చేసి దాన్ని ఆమె కాడికి పాణంతోటి చేర్చాలె. ఆమెకు ఇంక ఎవ్వరున్నరు? ఫోన్ చేస్తె ముందు దాన్ని అడుగుతది, తర్వాత తన చెయ్యి గురించి చెప్తది. గది అయినంక నువ్వు ఏమంటే గది.

దాన్ని తీసుకపోవుడు గూడ మామూలు సంగతి కాదు. బయట ఎండకు డాంబర్ మెత్తగైతున్నది. పెట్టెల ఉన్నదున్నట్టు తీసుకపోవద్దట, గాజు పలిగితే దానికి గుచ్చుకుంటది. మెత్తటి బట్ట సంచిల పెట్టి మూతి ముడెయ్యాలె. ఆ సంచిని బెజ్జాలున్న థర్మకోల్ డబ్బల పెట్టాలె. కారుల ముందుగాలనే ఏసీ పెట్టి సల్లబడ్డంకనే ఎక్కించాలె, గని ఆ గాలి నేరుగ దాని మీద కొట్టొద్దు. ఇవన్ని టీచరమ్మ ఫోన్ల మళ్ళ మళ్ళ చెప్పింది, నేను మళ్ళ మళ్ళ ఒప్పజెప్పిన.

ఒక్కటే నాకు మింగుడు పడుతలేదు. పోయే ముందు వారం దినాలు దానికి తిండి పెట్టొద్దట! పస్తులుంచి పంపాలెనట. ఎందుకని అడిగితె "గది గంతే లింగా" అన్నది. మొన్నటి సంది పెడుతలేను. పొద్దుగాల నేను రొట్టె తింటుంటె అది గాజు కాడికొచ్చి నన్నే చూస్తది. నాకు ముద్ద దిగుతలేదు అక్కా.

ఒక్క లైనన్న రాయి. తిట్టయినా సరే.

లింగన్న


కమ్మర్‌పల్లి
జులై

తమ్మీ,

నేను దాన్ని ఒప్పుకోలే. ఒప్పుకున్నననుకోకు. ఆ టీచరమ్మ చెయ్యి ఇరిగిందన్నవని రాస్తున్న. చెయ్యి ఇరిగిన మనిషిని నడుమల ఇడిసిపెట్టి రావుడు మన ఇంటా వంటా లేదు. ఇల్లు మారినంకనే ఇడిసిపెట్టు.

గని ఒక మాట. వారం దినాలు పస్తులుంచుడేందిరా? అది పామే కానియ్యి, నా పగది కానియ్యి, ఒక గడప దాటి ఇంకో గడపకు పోయేదాన్ని వట్టి కడుపుతోటి తోలుతరా ఎవరన్న? మన ఇంట్లకెల్లి పిట్ట కూడ తినకుంట పోలే. నువ్వు గల్ఫ్‌కు పోయినప్పుడు బస్సోడు హారన్ మీద హారన్ కొడుతుంటె, నీ నోట్ల ముద్ద పెట్టినంకనే గద నిన్ను ఎక్కనిచ్చిన? సంచిల సర్వపిండి, సకినాలు. నువ్వు "కడుపు పలుగుతది అక్కా" అన్నవ్. పలిగిందా?

టీచర్లకు సదువు ఉంటది, ఆకలి గురించి వాళ్ళకేం ఎరుక? పోయే ముందటి దినం దానికి ఇంత సద్ది పెట్టు. ఏం తింటదో నాకు రాయకు, నాకు కక్కొస్తది.

నేను తింటున్న. కళ మాట నమ్మకు.

మీ అక్క


జిదాఫ్స్
జులై

అక్కా,

దాన్ని చేర్చిన. గని మంచిగ చేర్చలే.

నీ ఉత్తరం చదివి నాకు పాణం లేసొచ్చింది. అక్క మాట్లాడిందనే సంబురంల ఇంకేం ఆలోచించలే. పోయే ముందటి దినం దాని తిండి ఫ్రిజ్‌ల నుంచి తీసి, వెచ్చజేసి పెట్టిన. చటుక్కున తిన్నది. నేను కూడ కూసొని కడుపు నిండ తిన్న. చాలా దినాలకు ఇద్దరం తృప్తిగ తిన్నం.

తెల్లారి అన్ని చెప్పినట్టే చేసిన. సంచి, ముడి, డబ్బ, ఏసీ. బండి మా కిషన్‌ది. మామీర్ల నాతోటి పని చేసిండు గద, నిర్మల్ కిషన్, గాయనే. పామంటె బండి తియ్యడని "గాజు సామాన్ భాయ్, నెమ్మదిగ పోనియ్యి" అన్న. వాడు గతుకు గతుకుకు "పైలం పైలం" అనుకుంట తోలిండు. సముద్రం మీది వంతెన కాడ బండ్లు ఆగినయి. అప్పుడు వాసనొచ్చింది. "ఏం గాజురా ఇది, కుళ్ళిన కంపు కొడుతున్నది?" అన్నడు. డబ్బ తెరిచిన. తిన్నదంత సంచిల కక్కుకున్నది అక్కా. కిషన్ ఎనుకకు తిరిగి చూసి స్టీరింగ్ ఇడిసి కిందికి దుంకిండు. ఎనుక బండ్లోళ్ళందరు "యల్లా యల్లా" అని, నడువుమని మొత్తుకునుడు. వాడు రోడ్డు మీద నిలబడి నన్ను, నా ఏడు తరాలను తిట్టుడు. నేను ఒళ్ళె డబ్బ పెట్టుకొని "ఏం జెయ్యదు, ఎక్కు భాయ్" అని బతిమాలుడు.

ఇప్పుడు నవ్వొస్తున్నదా? నాకు రాలే. గోరువెచ్చటి నీళ్ళతోటి కడిగిన. చేతుల పట్టుకుంటె తాడు తీరు యాలాడింది. చుట్టుకునేది చుట్టుకుంటలేదు. నోరు తెరిచి తెరిచి మూస్తున్నది.

టీచరమ్మ కట్టు చెయ్యితోటే వచ్చి చూసింది. "ప్రయాణం బడలిక కావచ్చు. నేను చెప్పినట్టే చేసినవ్ గద లింగా, నీ మీద నాకు నమ్మకం" అన్నది. రేపు మాపట్ల జంతువుల డాక్టరు వస్తడట. ఏం జెప్పాలె? చెప్తె ఆమె మొకం ఎట్ల చూడాలె? సంచి ఉతికి ఆరేసిన, ఎవ్వరికి తెల్వది. తప్పు నీది కాదు అక్కా, పెట్టింది నా చెయ్యి. అది బతకాలె. గదొక్కటే నాకు కావాలె ఇప్పుడు.

లింగన్న


కమ్మర్‌పల్లి

తమ్మీ,

పొయ్యి మీద బియ్యం పెట్టి ఆర్పేసి రాస్తున్న. రాసుడు అయిన కాన్నే ఫోటో తీసి పంపుమని కళను పక్కన నిలబెట్టుకున్న.

ఇప్పుడే పోయి చెప్పు. డాక్టరు రాకముందే చెప్పు. మా అక్క పెట్టుమంటె పెట్టిన అని నా పేరు చెప్పు. ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో తెల్వకుంటె ఆయన మందెట్ల ఇస్తడురా?

నీకు ఎన్నడు చెప్పని సంగతి ఒకటి చెప్త. కళకు కూడ తెల్వది, ఇప్పుడు ఇది చదివి ఏడుస్తది కావచ్చు. బావను పాము కరిచింది నువ్వు మోసుకొచ్చినప్పుడు కాదు. పొద్దుగాలనే కరిచింది. కాలు మీద గాటు చూసి ఏందని నేనడిగితె "ముల్లు" అన్నడు. నేను భయపడుతనని. చేన్ల పని ఆగుతదని. నవ్వుకుంట చెప్పిండురా. నేను కూడ సరే అని సద్ది మూట ఇప్పి పెట్టిన. ఇద్దరం తిన్నం. పొద్దు నెత్తి మీదికొచ్చినంక కండ్లు మూతలు పడుతున్నయన్నడు. నువ్వు ఉరికొచ్చినవ్. దవాఖాన్ల డాక్టరు "పొద్దుగాలనే తెస్తే బతికేటోడు" అన్నడు.

ఇన్నేండ్లు పామును తిట్టుకున్న. పుట్టను తిట్టుకున్న, నా పేరును తిట్టుకున్న. ఆయనను ఒక్క మాట అనబుద్ధి కాలే. ఇప్పుడు నీ ఉత్తరంల "సంచి ఉతికి ఆరేసిన, ఎవ్వరికి తెల్వది" అని చదివినంక నా పాణం దిగ్గుమన్నది. ఆ దాచుడే ఆయనను తీసుకపోయింది తమ్మీ. ముల్లు అన్న ఆ ఒక్క మాట తీసుకపోయింది.

ఆమెకు కోపమొస్తది. రానియ్యి. తిడుతది. పడు. లెవ్వు, పో.

మీ అక్క


జిదాఫ్స్
శుక్రవారం

అక్కా,

చెప్పిన.

నీ ఉత్తరమున్న ఫోన్ చేతుల పట్టుకొనే పోయిన. టీచరమ్మ అరబీల తిట్టింది. సగం నాకు అర్థం కాలే గని తిట్టు తిట్టే గద, చెవులకు సోకుతది. డాక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన మాపటి దాక ఆగకుంట అప్పుడే వచ్చిండు. "పాములు తిన్నది అరగనీకి కదలకుంట పండుకోవాలె, కడుపు నిండున్నప్పుడు కుదిపితే గిట్లనే కక్కుతయి" అన్నడు. పస్తు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. గొంతుల ఇరుక్కున్నది జర ఉండెనట, తీసేసిండు. ఇంకో దినం ఆగితే పోయేదట.

ఇప్పుడు సగం నెల ఏం పెట్టొద్దన్నడు. నీళ్ళు మాత్రమే. తర్వాత చిన్నది ఒకటి పెట్టి చూడాలె. అది కడుపుల నిలిస్తె బతికినట్టు.

డాక్టరు పోయినంక టీచరమ్మ "ఎందుకు పెట్టినవ్?" అని అడిగింది. మా ఇంట్ల వట్టి కడుపుతోటి ఎవ్వరిని తోలరు అన్న. నీ ఉత్తరం చదివి చెప్పుమన్నది. బస్సు హారన్ ముచ్చట, సర్వపిండి ముచ్చట చెప్పిన. బావ ముచ్చట కూడ చెప్పిన. నేను చెప్పుకుంట ఏడిసిన, ఆమె ఇనుకుంట ఏడిసింది. ఆమె తాత ముత్యాల కోసం సముద్రంల మునిగేటోడట. కడుపు నిండుంటె లోపట ఊపిరాడదని పొద్దుగాల రెండు ఖర్జూరాలు తిని, కావా అనే ఇక్కడి కాఫీ ఒక గుక్క తాగి దుంకేటోళ్ళట. వాళ్ళ నాయినమ్మ ఆయనను ఆకలితోటి పంపుతున్నందుకు జీవితమంత ఏడ్చిందట. "మీ అక్కకు నా సలాం చెప్పు" అన్నది. పనిల నుంచి పొమ్మనలే.

పంచమి దగ్గరికొస్తున్నది గద, దానికి పాలు పొయ్యాల్నా అని అడిగిన. పాములు పాలు తాగవు, మళ్ళ కొత్త పని పెట్టకు అన్నది.

ఇల్లు మారుడైతే అయింది. మాట ఇచ్చిన కాబట్టి అడుగుతున్న, పని ఇడువాల్నా? నువ్వు ఏమంటే గది. గని అది తినే దాకన్న ఉండనియ్యి.

లింగన్న


జిదాఫ్స్

అక్కా,

తిన్నది. కక్కలే. ఇయ్యాల బంతి తీరు చుట్టుకున్నది.

లింగన్న


కమ్మర్‌పల్లి
శ్రావణ మాసం

తమ్మీ లింగా,

నీ ముక్క ఉత్తరం కళ ఉరుక్కుంట తెచ్చి చూపెట్టింది. సంబురమైంది. నాకు సంబురమైందని ఆ మర్జానుకు చెప్పు.

గని అది తిన్నదో లేదో తెల్వక ముందే నేను పుట్ట కాడికి పోయిన. పంచమి నాడు తలుపు పెట్టుకొని కూసున్న. ఆడోళ్ళు ఒకరెనుక ఒకరు పాల చెంబులు పట్కొని పోతున్నరు, కిటికీల నుంచి చూసిన. ఎక్కడనో దేశం గాని దేశంల ఒకటి నోరు తెరిచి పండుకున్నది, దాని పక్కన నా తమ్ముడు ముద్ద ముట్టకుంట కూసున్నడు అనిపించింది. లేసి చెంబు తీసుకున్న. కళ నోరెళ్ళబెట్టి చూసింది. పుట్ట కాడ అందరు నాకు బాట ఇచ్చిండ్రు. "మా ఆయనను మీరు తీసుకపోలేదు, నాకెరుకైంది. ఆ దేశంల ఉన్నదాన్ని బతికియ్యిండ్రి" అని పాలు పోసిన. పాములు పాలు తాగవంటది మీ టీచరమ్మ. తాగకుంటె తాగకపోనియ్యి, నేను పోసుడు పోసిన. దాని పాలు ఇక్కడ ముట్టినయి, నువ్వు అక్కడ ఏం పెట్టకు.

కండ్లు కడుగుదామంటె నువ్వు లేవు. నీ పాస్‌పోర్టు ఫోటో ఒకటి పెట్టెల ఉండె. దాని కండ్లు కడిగిన. పాలకు ఆ కాయితం ఉబ్బి నీ మొకం గుమ్మడికాయంత అయింది. కళ నవ్వింది, నేను నవ్విన, నవ్వుకుంటనే ఇద్దరం ఏడిసినం. బావ పోయినంక ఆమె ముందట నేను ఏడ్చుడు అదే మొదలు.

పని ఇడువకు. ఆ టీచరమ్మ చెయ్యి కట్టు ఇప్పిండ్రా? ఆమెకు నా దండాలు చెప్పు. ఈసారి వచ్చినప్పుడు ఆమెకు సకినాలు పంపుత, ఆ కిషన్‌కు కూడ. పాపం, భయపడ్డడు.

నువ్వు వచ్చినప్పుడు నిజం కండ్లు కడుగుత. తిరిగి పోయేటప్పుడు మాత్రం డాక్టరు గిట్ల చెప్పిండు, టీచరమ్మ గట్ల చెప్పింది అని నా ముందట నకరాలు చెయ్యకు. నువ్వు పాము గాదు. బస్సోడు ఎన్ని హారన్లన్న కొట్టనియ్యి, కడుపు నిండ తిన్నంకనే ఈ గడప దాటేది.

మీ అక్క
నాగవ్వ